ఉతకని గౌను

కొత్తవలస
10-8-2025

అమ్మా గౌరీ,

మీ అయ్య కూర్మయ్య దీవించి రాస్తున్నాడు. ముందుగా నా రాత సంగతి. కోడి గీకినట్టు ఉంటుంది. తప్పులు కూడా ఉంటాయి. నేను చదివింది మన ఊరి బడిలో అయిదో తరగతి, అదీ పొలం పని లేని రోజుల్లో. ఏమీ అనుకోకుండా కూడబలుక్కుని చదువుకో. ఫోను చెయ్యొచ్చు కదా అని మీ జగ్గమ్మత్త అంటోంది. ఫోను చెవికి పెట్టుకుంటే నాకు నోట మాట రాదు. చెవి కూడా సరిగా పనిచెయ్యదు కాబట్టి నువ్వు చెప్పేది నాకు తప్ప వీధిలో అందరికీ వినబడుతుంది. కాగితమైతే నన్ను ఎవరూ చూడరు.

నీ ఉత్తరం అందింది. నీ పిల్ల, అమ్మడు తొడిగి విడిచిన గౌను ఒకటి, ఉతకనిది, పంపమన్నావు. తల కింద పెట్టుకుంటే నిద్ర పడుతుందేమో అన్నావు. మీ అత్తగారిని అడిగితే నవ్వుతుందని నన్ను అడిగావు. నిజమే, నవ్వింది.

నిన్న ప్యాసింజరెక్కి గరివిడి వెళ్ళాను. పిల్లనిచ్చినవాణ్ణి కాబట్టి ఎప్పట్లాగే అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ వేశారు. మీ పెళ్ళయిన దగ్గరనుంచి ఆ కుర్చీ దాటి నేను లోపలికి వెళ్ళలేదు. టీ ఇచ్చారు. మీ అత్తగారు సుభద్రమ్మగారికి నీ సంగతి చెప్పాను. "ఏటన్నియ్యా, ఉతకని గౌనేటి? అది పన్జేసే మేడలో సబ్బు దొరకదా?" అంది. నీ ఆడపడుచు శైలజ కూడా లోపలినుంచి నవ్వింది. నవ్వడానికి ఆ ఇంట్లో ఇద్దరు ఉన్నారు. పనికి ఒక్కరూ లేరు.

అల్లుడు గిరిబాబు ఉన్నాడు. పడుకుని ఉన్నాడు. నడుం నొప్పట. ఏం మోస్తే వచ్చిందో ఎవరూ చెప్పలేదు.

చాలాసేపటికి సుభద్రమ్మగారు కాగితంలో చుట్టి, దారం కట్టి, పొట్లం తెచ్చి ఇచ్చింది. ఆ పొట్లాన్నే ఈ ఉత్తరంతో పార్సిలు చేస్తున్నాను.

అమ్మడు బాగుంది. నిద్రపోతోంది.

గోగు మనిషెత్తు పెరిగింది. వాన చాలలేదు. వేళకి తిను.

మీ అయ్య


హైదరాబాదు
21-8-2025

అయ్యకి,

గౌరి నమస్కారాలు. నీ రాతకేం, బాగానే ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు నీ పార్సిలు విప్పి, చూసి, మళ్ళీ చుట్టి పైకి పంపారు. పదకొండో అంతస్తు దాకా ఉత్తరం రావడం చూసి మా మేడం చేతిలోకి తీసుకుని, "ఈ రోజుల్లో కూడా ఉత్తరాలా గౌరీ, క్యూట్!" అంది. ఫొటో కూడా తీసుకుంది. వాళ్ళకి మనం క్యూట్ అయ్యా. నీ కోడిగీతలు ఎవరి ఫోనులోనో తిరుగుతూ ఉంటాయి, పట్టించుకోకు.

గౌను అందింది. కానీ అది కొత్త గౌను. మెడ కింద అట్టముక్క ఉంది. గుండీలకి చుట్టిన ప్లాస్టిక్ కూడా తియ్యలేదు. ముక్కుకి ఆనించుకుంటే కొట్టు వాసన వచ్చింది. నేను అడిగింది ఉతకనిది కదా. నువ్వు పొట్లం విప్పి చూడలేదా?

ఇక్కడ నేను చూసుకునే మేడం బాబుకి తొమ్మిదో నెల. వాడి గదిలోనే నేను పడుకోవాలి. వాడు పడుకుంటాడు, నేను పడుకోను. వాడు నిద్రలో మూలిగితే అమ్మడు మూలిగినట్టే ఉంటుంది. లేచి చూస్తే వీడుంటాడు. మొన్న లిఫ్టు ఎక్కి ఏ బటనూ నొక్కకుండా నిలబడిపోయాను. ఎవరో పిలిస్తే కిందికీ, మరెవరో పిలిస్తే పైకీ వెళ్ళాను. ఎందుకు ఎక్కానో గుర్తు రాలేదు. పాలు పొంగిపోతున్నా చూస్తూనే ఉంటున్నాను. గుండె ఊరికే దడదడలాడుతుంది. గదిలో కెమెరా ఉంది కదా, మేడం ఆఫీసునుంచి అందులో చూసి, "గౌరీ, గోడతో ఏం మాట్లాడుతున్నావు?" అని స్పీకరులో అడిగింది. నేను మాట్లాడుతున్నట్టు నాకు తెలియదు.

ఇంకో వింత చెప్పనా. మేడం ఆఫీసుకి వెళ్తూ తను విడిచిన చొక్కా ఒకటి బాబు పక్కన పెట్టి వెళ్తుంది. అమ్మ వాసన ఉంటే పిల్లలు బెంగ పెట్టుకోరని పుస్తకంలో ఉందట. ఆ చొక్కా ఉతికేస్తానేమోనని మొదటి రోజే హెచ్చరించింది. ఆవిడ బెంగకి పుస్తకం ఉంది. నా బెంగకి గరివిడిలో నవ్వులున్నాయి.

అయ్యా, అసలు విషయం ఇది. నాకు ఆదివారం సాయంత్రమే ఫోను ఇస్తారు. ఈ మధ్య ఆదివారాల్లో అమ్మడిని నాకు చూపించడం లేదు. ఒకసారి నిద్రపోతోందన్నారు. ఒకసారి స్నానం అన్నారు. ఒకసారి శైలజతో కొట్టుకి వెళ్ళిందన్నారు. వీడియో పెట్టమంటే నెట్ లేదంటారు. నువ్వు కూడా నిద్రపోతోందని రాశావు. నువ్వు వెళ్ళింది ఏ వేళప్పుడు? దాన్ని కళ్ళతో చూశావా? ఇంకేమీ రాయకపోయినా ఫరవాలేదు, ఇదొక్కటి రాయి.

నీ కూతురు
గౌరి


కొత్తవలస
29-8-2025

అమ్మా గౌరీ,

ఉత్తరం అందింది. నేను వెళ్ళింది పగటివేళ. అమ్మడిని చూడలేదు. నిద్రపోతోందని వాళ్ళు అంటే అదే రాశాను. పిల్లని లేపి తెచ్చి చూపించండి అని పిల్లనిచ్చినవాడు అడగలేడు కదా. అడగాలనే కుర్చీలోంచి సగం లేచాను. మళ్ళీ కూర్చున్నాను. పొట్లం విప్పలేదు. వియ్యాలవారిచ్చినది వాళ్ళ అరుగు మీద విప్పి చూస్తే అనుమానించినట్టు ఉంటుంది.

కొత్త గౌను ఎందుకు ఇచ్చారో నాకు తెలియదు. గొప్పకి ఇచ్చి ఉంటారు. ఆ ఇంట్లో గొప్ప తప్ప ఇంకేమీ పండదు.

నీ ఉత్తరం చూశాక జగ్గమ్మత్త చేత ఫోను చేయించాను. అమ్మడికి వేడి చేసిందట. తలకి గాలి తగలకూడదని గుడ్డ కట్టి లోపలే ఉంచుతున్నారట. అందుకే ఫోనులో చూపించలేదట. ఇప్పుడు నయమేనట. గౌరి చల్లటి గదుల్లో ఉంటోంది, ఇక్కడ పిల్లని చూసుకునేది మేము, అయినా ఏడుపు దానిదే అని సుభద్రమ్మగారు అందట. ఆవిడ పిల్లని చూసుకోవడం నాకు తెలుసు. నువ్వు చంటిబిడ్డతో అక్కడ ఉన్నప్పుడు కూడా ఆవిడ చూస్తూనే ఉండేది, నువ్వు చేస్తూ ఉండేదానివి.

నువ్వు ఎక్కువ ఆలోచన చేయకు. మజ్జిగన్నం తిను. నాకు ఇంతకంటే చెప్పడం రాదు.

మీ అయ్య


హైదరాబాదు
7-9-2025

అయ్యకి,

నేను అన్నీ ఆలోచించుకున్నాను. నువ్వు ఇక దాచనక్కర్లేదు.

ధనలక్ష్మి పిన్ని కువైట్‌లో ఉండగా జగన్నాధం చిన్నాన్న పోయాడు. మన ఊరంతా కూడబలుక్కుని ఆవిడకి ఏం చెప్పింది? మొదట వేడి చేసింది అన్నారు. తర్వాత నిద్రపోతున్నాడు అన్నారు. తర్వాత నెట్ లేదన్నారు. పరాయి దేశంలో ఒంటరిగా ఉంది, గుండె ఆగిపోతుంది, వచ్చాక చెబుదాం అన్నారు. పాపం ఆవిడ ఆయనకి చొక్కాలు కొనుక్కుని దిగింది. గోడ మీద ఫొటోకి దండ చూసింది. నాకు ఇప్పుడు అదే వరసలో చెబుతున్నారు. వేడి చేసింది, నిద్రపోతోంది, నెట్ లేదు. వేరే అబద్ధం వెతుక్కునే ఓపిక కూడా లేదు మన వాళ్ళకి.

పోయినవాళ్ళ విడిచిన బట్టలు ఇంట్లో ఉంచుకోరు కదా అయ్యా, చాకలికి ఇచ్చేస్తారు. అందుకే ఉతకని గౌను ఒక్కటి కూడా దొరకలేదు. కొత్త బట్ట ఎవరికి పెడతారు? పెద్దలకి పెడతారు. పెత్తరమాస వస్తోంది. కొత్త గౌను ఇచ్చారు. సుభద్రమ్మ అత్తకి చెప్పడానికి నోరు రాక గౌనుతో చెప్పించింది అనుకున్నాను.

మన కపిలావుకి దూడ చచ్చిపోయినప్పుడు తోలులో గడ్డి కూరి దాని ముందు పెట్టి పాలు పితికేవాడివి గుర్తుందా. ఆవు దాన్ని నాకుతూ పాలిచ్చేది. నేను ఆవుని కాదు. నాకు వాసన తెలుస్తుంది.

ఆ గౌను వంటింటి వెనక గట్టు మీద పెట్టి దీపం పెట్టాను. మేడం చూసింది. ఇల్లు కాలిపోతుందంది. బాబుని నా చేతుల్లోంచి తీసుకుంది. తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది, నాకు భయపడి. నన్ను ఈ పనిలో పెట్టిన ఏజెన్సీ మనిషి వచ్చాడు. ఫోనులో ఒక డాక్టరమ్మతో మాట్లాడించారు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, చచ్చిపోవాలని ఉందా అని అడిగింది. నేను ఆఖరిదానికి జవాబు చెప్పలేదు. డిప్రెషన్ అంది. మాత్రలు రాసింది. ఆవిడ మంచిదే. కానీ ఎవరు పోయారని అడగలేదు.

ఏజెన్సీ మనిషి గిరిబాబుకి ఫోను చేసి స్పీకరు పెట్టాడు. మీ అల్లుడు ఏమన్నాడో విను. "అది నాటకాలాడతాదండి, ముందునుంచీ అంతే. పని మాత్రం బాగా సేస్తాది, ఉంచండి." నేను పక్కనే ఉన్నాను. గేదెని అమ్మేటప్పుడు కూడా మన వైపు దాని ఎదురుగా అలా మాట్లాడరు.

చిన్నపిల్లల్ని కాల్చరు కదా అయ్యా. దాన్ని ఎక్కడ పెట్టారో అదొక్కటి రాయి. ఏడవను. ఎవరినీ ఏమీ అనను. చోటు తెలిస్తే చాలు.

గౌరి


కొత్తవలస స్టేషను
12-9-2025

గౌరీ,

ఉత్తరం ఇప్పుడే చదివాను. జగ్గమ్మత్త ఫోను చేస్తే గరివిడిలో ఎవరూ ఎత్తలేదు. మేడం నంబరు మా దగ్గర లేదు. నువ్వు అనుకున్నది నేను వినలేదు, నాకు ఎవరూ చెప్పలేదు, నేను నీ దగ్గర దాచలేదు. ప్యాసింజరు వస్తోంది. దాన్ని కళ్ళతో చూసి చెబుతాను. అప్పటిదాకా నువ్వు గది తలుపు వేసుకోవద్దు. బాల్కనీలోకి వెళ్ళొద్దు. ఇది ఇక్కడే డబ్బాలో వేసి ఎక్కుతున్నాను.

అయ్య


కొత్తవలస
13-9-2025

అమ్మా గౌరీ,

నిన్న ఫోనులో అమ్మడిని చూశావు. అప్పుడు నేను పక్కనే ఉన్నా ఒక్క మాట మాట్లాడలేకపోయాను. అక్కడ ఏం జరిగిందో నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. ఈ ఉత్తరంలో దాచింది ఏమీ లేదు.

గరివిడిలో అరుగు మీద మళ్ళీ కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. చెప్పులు విడిచి, వీధి గది దాటి, నడిమి గది దాటి పెరట్లోకి వెళ్ళాను. సుభద్రమ్మగారు నా వెనక "అన్నియ్యా, అన్నియ్యా" అంటూ వచ్చింది. నడిమి గదిలో గిరిబాబు ఫేను కింద పడుకుని ఉన్నాడు. ఫోను ఛాతీ మీద ఉంది, మోగుతోంది.

పెరట్లో కుండీ దగ్గర ఒక పిల్ల కూర్చుని మట్టి పిసుకుతోంది. నున్నటి గుండు. నేను గుర్తుపట్టలేదు. వేరే ఎవరి పిల్లో అనుకుని నా కాళ్ళు ఆగిపోయాయి. తలెత్తి చూసింది. కళ్ళు నీవి. అమ్మడే. బతికే ఉంది. వేడీ లేదు, జ్వరమూ లేదు. గుండు మాత్రమే ఉంది.

శ్రావణంలో రామతీర్థం తీసుకెళ్ళి పుట్టువెంట్రుకలు తీయించారు. ఫొటోలు గోడకి పెట్టారు. శైలజ మొగుడి ఒళ్ళో కూర్చోబెట్టి తీయించారు. నీకు అన్నదమ్ములు లేరు కాబట్టి ఆ ఒడి నాది. నాకు కబురు లేదు. కన్నతల్లివి, నీకూ లేదు. భోజనాలు పెట్టారట. చదివింపులు వచ్చాయట. నేను మొన్న అరుగు మీద టీ తాగిన రోజుకి పిల్ల తల మీద గంధం ఇంకా ఆరి ఉండదు.

ఎందుకు దాచారని అడిగాను. సుభద్రమ్మగారు చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "బోడిగుండు సూస్తే గౌరి ఏడిసి, పని మానీసి వొచ్చెస్తాదని బయమేసిందన్నియ్యా. జుత్తు వొచ్చినాక సూపిద్దుమనుకున్నాం."

జుట్టు వచ్చేదాకా. అంతవరకూ నువ్వు పిల్ల మొహం చూడకుండా పనిచేస్తూ ఉండాలి. వాళ్ళ లెక్క అది. మరి ఉతకని గౌను ఎందుకు ఇవ్వలేదంటే, పాతది పంపితే ఆ మేడలోవాళ్ళు మనల్ని ఏమనుకుంటారు, పిల్లకి మంచి బట్టలు వేస్తున్నామో లేదో అని గౌరి పరీక్ష పెడుతోంది అనుకున్నారట. నువ్వు వాసన అడిగావు, వాళ్ళు పరువు పంపారు. కొత్త బట్ట పంపితే నీకు ఏమనిపిస్తుందో ఆ ఇంట్లో ఒక్క బుర్రకి తట్టలేదు.

అప్పటికి అల్లుడు లేచి వచ్చాడు. లేచాడు కాబట్టి నడుం బాగానే ఉంది. "ఆడోళ్ల ఏడుపులు మామూలే మావా. ఏసీలో కూకున్నదానికి బెంగేటి?" అన్నాడు.

నేను ఎప్పుడూ ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడలేదు. నిన్న కూడా గట్టిగా అనలేదు. మామూలు గొంతుతోనే అన్నాను. "అది ఒకరి పిల్లని ఎత్తుకుని నీ పిల్లకి ఏడుస్తన్నాది. నువ్వు నీ పిల్లని కూడా ఎత్తుకోకుండా తొంగున్నావు. ఈ ఇంట్లో పన్జేసేది అదొక్కర్తే. అది మానీస్తే మీరంతా లెగాల్సొస్తాదని బయం. మీది పిల్ల మీద పేమ కాదురా, పక్క మీద పేమ."

కుండీ దగ్గరికి వెళ్ళి అమ్మడి చేతుల మట్టి కడిగాను.

తర్వాత శైలజ చేత ఏజెన్సీకీ, వాళ్ళ ద్వారా మీ మేడానికీ ఫోను చేయించాను. నువ్వు కనబడ్డావు. ఎంత చిక్కిపోయావే. నువ్వు అద్దం తుడిచినట్టు ఫోను తుడిచావు. అమ్మడు నా కాళ్ళ వెనక దాక్కుంది. నువ్వు పేరు పెట్టి పిలిచేసరికి మీ మేడం ఫోను తీసేసుకుంది. ఎక్కువ ఎమోషన్ మంచిది కాదు అంది. ఆవిడ ఆ మాట చెప్పడానికి ఎంత చదువుకుందో.

అమ్మడిని నాతో తీసుకొచ్చేశాను. పిల్ల మా ఇంటిది, ఎలా తీసుకెళ్తావు అని సుభద్రమ్మగారు గొంతు పెంచింది. పక్కిళ్ళవాళ్ళు గోడ మీదనుంచి చూస్తున్నారు. వాళ్ళని చూసి వెంటనే గొంతు తగ్గించింది. వీధికి భయపడేవాళ్ళకి నేను ఇన్నాళ్ళు భయపడ్డాను.

అమ్మడు రైల్లో నా ఒళ్ళోనే నిద్రపోయింది. ఇప్పుడు జగ్గమ్మత్త వీపు రుద్దుతూ నీళ్ళు పోస్తోంది. కేకలు వినబడుతున్నాయి. నువ్వు ఉత్తరం రాయి.

అయ్య


హైదరాబాదు
23-9-2025

అయ్యకి,

చూశాను. నవ్వు రావాలి కదా నాకు, ఊరంతా మిఠాయి పంచాలి కదా. ఆ రాత్రి కొంచెం నిద్ర పట్టింది కూడా. తెల్లారి మళ్ళీ అదే మొదలైంది.

నీకు ఒక మాట చెబుతాను, ఎవరికీ చెప్పకు. ఆ గుండు పిల్ల అమ్మడేనా అని అనుమానం వస్తోంది. ఎవరి పిల్లకో గుండు చేయించి చూపించారేమో, నిన్ను కూడా మోసం చేశారేమో, నీకు కళ్ళు సరిగా కనబడవు కదా అని. ఇది తప్పని నాకు తెలుసు అయ్యా. కళ్ళు నావేనని నువ్వు రాశావు, నేనూ చూశాను. తెలిసినా పోవడం లేదు. దీపం ఆర్పేశాను, గౌను పెట్టెలో పెట్టేశాను. అయినా లోపల ఎవరో చచ్చిపోయినట్టే ఉంటోంది. ఎవరు పోయారో తెలియకుండా ఏడుస్తున్నాను.

బాబుని ఇప్పుడు నాకు ఇవ్వడం లేదు. గిన్నెలు తోమిస్తున్నారు, బట్టలు మడత పెట్టిస్తున్నారు. బిగ్గరగా ఏమీ అనరు. పగిలిన పింగాణీ కప్పుతో ఎలా ఉంటారో నాతో అలా ఉంటారు. వేరే మనిషి దొరికేదాకా ఉంచుకుని పంపేస్తారట. ఏజెన్సీ మనిషేమో ఒప్పుకున్న గడువు పూర్తి చేయకపోతే ఆధార్ కార్డు ఇవ్వనంటున్నాడు. వాడి దగ్గర నా కార్డు ఉంది, గరివిడి వాళ్ళ దగ్గర నా పిల్ల ఉండేది. నేను ఎక్కడ ఉన్నట్టు?

గిరిబాబు ఏజెన్సీకి మళ్ళీ ఫోను చేశాడు. దానికి బుర్ర చెడింది, అలాంటిదాని చేతికి పిల్లని ఎలా ఇస్తాం అన్నాడట. మొన్నటిదాకా నాటకం. ఇప్పుడు పిచ్చి. ఏది వాళ్ళకి కలిసొస్తే అది.

కానీ అయ్యా, వాడు అన్నది నిజమైతే? నా చేతులు వణుకుతున్నాయి. వచ్చి దాన్ని ఎత్తుకుని వదిలేస్తే? దాన్ని చూసి కూడా ఇది అమ్మడు కాదు అని నా నోటితోనే అంటే? ఊళ్ళో పిచ్చిది అంటారు. నీకు తలవంపులు. నన్ను ఇక్కడే ఎక్కడో వేరే ఇంట్లో ఉండనివ్వు. తగ్గాక వస్తాను. అమ్మడికి జుట్టు పెరిగాక వస్తాను.

గౌరి


కొత్తవలస
30-9-2025

అమ్మా గౌరీ,

జుట్టు పెరిగాక అని వాళ్ళూ అన్నారు, నువ్వూ అన్నావు. వద్దు. గుండుతోనే చూడు.

నీ ఉత్తరం చదివిన మర్నాడు విశాఖ వెళ్ళాను. బస్సు దిగి, మనసు బాగోలేనివాళ్ళకి వైద్యం చేసే పెద్దాసుపత్రి ఎటు అని అడిగాను. ఆటోవాడు "పిచ్చాసుపత్రా తాతా?" అని గట్టిగా అన్నాడు. స్టాండులో అందరూ నన్ను చూశారు. నేను అవునన్నాను. పెళ్ళిలో వడ్డనకి కూడా కేక వెయ్యలేనివాణ్ణి నేను. అవునని రెండోసారి కూడా అన్నాను, వాడికి వినబడలేదేమోనని. ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్ళ చూపులు ఆటో కదిలేదాకే ఉన్నాయి. దీనికేనా మనుషులు చచ్చేంత భయపడేది.

అక్కడ ఒక నర్సమ్మ కూర్చోబెట్టి మాట్లాడింది. నీ ఉత్తరాల్లో సంగతి చెప్పాను. పిల్లల్ని వదిలి దూరదేశాలు పోయినవాళ్ళు చాలామంది ఇలాగే వస్తారంది. మస్కట్ నుంచి వచ్చినవాళ్ళు, చెన్నై నుంచి వచ్చినవాళ్ళు. అది కొవ్వు కాదు, గాలి కాదు, జబ్బు. మందుంది, తగ్గుతుంది, టైము పడుతుంది అంది. చూసినా నమ్మకం కుదరకపోవడం కూడా అందులో భాగమేనట. పిల్లని దగ్గర పెట్టుకుని మందు వాడొచ్చా అని అడిగాను. పక్కన ఇంకో మనిషి ఉంటే వాడొచ్చు అంది. ఇంకో మనిషిని నేనున్నాను. చేతులు వణికితే కింద చాప వేస్తాను, కూర్చుని ఎత్తుకో.

జగ్గమ్మత్త ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దంది. అప్పటికే నేను మన వీధిలో ఇద్దరికి చెప్పాను. ధనలక్ష్మి పిన్నికి కూడా చెప్పాను. ఆవిడ లేచి వెళ్ళి పెరుగు గిన్నె పట్టుకొచ్చింది, అమ్మడికని. కూర్చుని, కువైట్ నుంచి వచ్చాక ఏడాది దాకా తనకీ నిద్ర లేదని అప్పుడు చెప్పింది. ఇన్నాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ అడగలేదట. ఊరి గొప్ప అది. చచ్చిన సంగతి దాచడానికి వందమంది, ఎలా ఉన్నావని అడగడానికి ఒక్కడు లేడు.

అమ్మవారి సిరిమాను పండగకి పిల్లని తెచ్చి అప్పగించమని గరివిడి నుంచి కబురొచ్చింది. జవాబు పంపలేదు. పెద్దమనుషుల్ని తెస్తామన్నారు. తెచ్చుకోనీ. అరుగు మీద కుర్చీలు వేస్తాను.

ఆధార్ కార్డు సంగతి వదిలెయ్. కార్డు వాణ్ణి దాచుకోమను. మనిషివి నువ్వు రా.

నీ అంతట నువ్వు రాలేవని నాకు అర్థమైంది. అందుకని నేనే వస్తున్నాను. నేను విశాఖ దాటి ఎప్పుడూ పోలేదు. అమ్మడిని కూడా తెస్తున్నాను. దసరా వెళ్ళిన తర్వాత రెండో ఆదివారానికి అక్కడికి చేరే రైలుకి జగ్గమ్మత్త కొడుకు టికెట్లు తీశాడు. తిరుగు టికెట్లు కూడా తీయించాను. అందులో నీ పేరు ఉంది.

ఒక మాట రాయొద్దని జగ్గమ్మత్త అంటోంది. రాస్తాను. దాచడం ఎలా ఉంటుందో మనం చూశాం. రైలెక్కి అమ్మ దగ్గరికి వెళ్దాం అని అమ్మడికి చెప్పాను. "ఏ అమ్మ?" అంది. శైలజని కూడా అమ్మా అనే పిలిపించారట. నేను నీ పేరు చెప్పాను. "గౌరమ్మకి రైలుందా?" అంది. ఉంది అన్నాను. అప్పటినుంచి గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్ళందరికీ గౌరమ్మ దగ్గరికి పోతన్నాను అని చెబుతోంది. ఇప్పటికి నీ సంగతి దానికి తెలిసింది అంతే. మిగతాది నువ్వు వచ్చి చెప్పుకోవాలి. నేను చెబితే రాదు.

ఇక పని సంగతి. ఆ గేటు దగ్గర ఎవరి పేరు చెబితే లోపలికి పంపుతారు? మేడం అనే రాశావు కానీ ఆవిడ పేరు ఎప్పుడూ రాయలేదు. ఉత్తరాల మీద నువ్విచ్చిన మేడ పేరూ, ఇంటి నంబరూ వేస్తున్నాను కానీ ఏ బ్లాకో నాకు తెలియదు. నీ పేరు చెబితే అక్కడ ఎవరికైనా తెలుస్తుందా, లేక బాబుని చూసే మనిషి అని చెప్పాలా? అలా చెప్పడం నాకు ఇష్టం లేదు. గౌరి తండ్రిని అనే చెబుతాను. తెలియకపోతే తెలిసేదాకా పిల్లతో అక్కడే నిలబడతాను. అయినా ఏ గేటో ముందు తెలియాలి. ఈ ఉత్తరం అందిన రోజే జవాబు వెయ్యి.

మీ అయ్య
కూర్మయ్య